కంపెనీలు వదిలేసిన ల్యాప్‌టాప్ కొంటున్నారా? హైదరాబాద్ విద్యార్థులు తెలుసుకోవాల్సిన లెక్కలు, హక్కులు

ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు క్లాసులు మొదలైన నెలలోనే ల్యాప్‌టాప్ అవసరం వస్తుంది. అమీర్‌పేటలో జావా, పైథాన్ కోర్సుల్లో చేరేవాళ్లకైతే మొదటి రోజు నుంచే కావాలి. కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్స్ కట్టేశాక చాలా ఇళ్లలో దీనికి మిగిలేది ఏ రూ. 20 వేలో, 25 వేలో. ఆ డబ్బుకు కొత్త ల్యాప్‌టాప్ వస్తుందా అంటే వస్తుంది. సాధారణంగా 4 జీబీ ర్యామ్, బలహీనమైన ప్రాసెసర్, నిండిపోయినా మార్చుకోవడానికి వీల్లేని 64 జీబీ స్టోరేజీతో వస్తుంది. యూట్యూబ్‌లో పాఠాలు చూడ్డానికి పనికొస్తుంది. కోడ్ రాయడానికి కూర్చుంటే ఏడిపిస్తుంది.

అదే డబ్బుతో ఇంకో దారి ఉంది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు పనిచేసి బయటికొచ్చిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోట, దాని చుట్టుపక్కల షాపుల్లో, అమీర్‌పేట సందుల్లో, ఆన్‌లైన్ రీఫర్బిష్డ్ సైట్లలో అమ్మకానికి ఉంటాయి. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ కారిడార్ పెరిగే కొద్దీ ఇక్కడి నుంచి బయటికొచ్చే పాత కంప్యూటర్లూ పెరిగాయి. ఒక రకంగా హైదరాబాద్ విద్యార్థికి అందుబాటులో ఉన్న అసలైన ల్యాప్‌టాప్ పథకం ఇదే. దీనికి జీవో లేదు, లబ్ధిదారుల జాబితా లేదు, కౌంటర్ దగ్గర మీ తరఫున మాట్లాడే అధికారీ లేరు. కానీ మిమ్మల్ని కాపాడే నిబంధనలు ఉన్నాయి. కొనేవాళ్లలో చాలామందికి అవి తెలియకపోవడమే సమస్య.

ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందా?

మొదట దీని సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ప్రతి అడ్మిషన్ సీజన్‌లోనూ వాట్సాప్‌లో ‘ప్రధానమంత్రి ఉచిత ల్యాప్‌టాప్’ లింకు తిరుగుతుంది. విద్యార్థులందరికీ కేంద్రం ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇస్తోందనే ఇలాంటి ప్రచారాలు అబద్ధమని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ పలుమార్లు ప్రకటించింది. ఆ లింకులో ఆధార్ నంబరు, ఓటీపీ ఇచ్చేసి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే ఫోన్ చేయాల్సింది సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి.

తెలంగాణలో కాలేజీ విద్యార్థులందరికీ వర్తించే ల్యాప్‌టాప్ పథకం లేదు. బాసర ఆర్జీయూకేటీలో మాత్రం 2008లో మొదలైనప్పటి నుంచి ల్యాప్‌టాప్ మీదే చదువు సాగాలన్నది విధానం. అక్కడ కూడా అవి సమయానికి అందలేదు. 2022 జూన్‌లో విద్యార్థులు వర్షంలో కూర్చుని చేసిన ఆందోళనలోని 12 డిమాండ్లలో ల్యాప్‌టాప్‌ల అంశం కూడా ఉంది. ఆ తర్వాతే పంపిణీ జరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో అప్పటి ప్రభుత్వం, 9వ తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే పిల్లలకు అమ్మఒడి నగదు బదులు ల్యాప్‌టాప్ తీసుకునే అవకాశం ఇస్తామని ప్రకటించింది. టెండర్లలో ధరలు అంచనాలకు మించి వచ్చాయి. ల్యాప్‌టాప్‌ల ఆలోచన పక్కకు పోయి, 2022 డిసెంబర్ 21న 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. పొరుగున తమిళనాడు 2011లోనే ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది, మధ్యలో ఆపింది. 2025-26 బడ్జెట్‌లో రెండేళ్లలో 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు ఇస్తామని, అందుకు రూ. 2,000 కోట్లు కేటాయిస్తున్నామని ప్రకటించి, 2026 జనవరిలో పంపిణీ ప్రారంభించింది.

హైదరాబాద్‌కు ఈ కథలో ఒక పాత పాత్ర కూడా ఉంది. 2011 అక్టోబర్‌లో కేంద్రం ఎంతో ఆర్భాటంగా విడుదల చేసిన ‘ఆకాశ్’ టాబ్లెట్‌ను, ప్రపంచంలోనే అతి చవకైనదని చెప్పుకున్న దాన్ని, అమర్చింది మన నగరంలోనే. తెర స్పందించేది కాదు, బ్యాటరీ నిలిచేది కాదు. రెండు మూడేళ్లకే దాని ఊసెత్తేవాళ్లు లేకుండా పోయారు. ధర ఒక్కటే చూసి యంత్రాన్ని తయారు చేస్తే ఏమవుతుందో అది చూపించింది. ఇప్పుడు 4 జీబీ ల్యాప్‌టాప్ కొనే విద్యార్థి చేస్తున్నది కూడా దాదాపు అదే.

కంపెనీ డెస్క్ నుంచి షాపు కౌంటర్ దాకా

పెద్ద కంపెనీలు ల్యాప్‌టాప్‌లను సాధారణంగా మూడేళ్ల వారంటీతో టోకుగా కొంటాయి, లేదా లీజుకు తీసుకుంటాయి. వారంటీ అయిపోయాక ఒక్కో యంత్రాన్ని రిపేరు చేయించడం కన్నా మొత్తం లాటును మార్చేయడం వాటికి సులువు. అలా బయటికొచ్చిన లాటు వేలంలో ఒక పెద్ద కొనుగోలుదారుకు వెళ్తుంది. అక్కడ గ్రేడింగ్ జరుగుతుంది: గీతల్లేనివి ఒకవైపు, మూలలు అరిగినవి ఒకవైపు, పనిచేయనివి విడిభాగాల కోసం ఇంకోవైపు. తర్వాత చిన్న వ్యాపారులకు పంపిణీ అవుతుంది. చాలా కంపెనీలు తమ డేటా బయటికి పోకుండా హార్డ్ డిస్క్‌ను ముందే తీసేస్తాయి. అంటే మీరు కొనే ల్యాప్‌టాప్ బాడీ, మదర్‌బోర్డు కంపెనీవే అయినా, లోపలి ఎస్ఎస్‌డీ వ్యాపారి వేసింది కావచ్చు. ఇది నేరం కాదు. అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

ఇక్కడ చట్టం ఏం చెబుతోంది? 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో వెయ్యి, అంతకన్నా ఎక్కువ ఎలక్ట్రానిక్ పరికరాలు వాడే సంస్థ ‘బల్క్ కన్స్యూమర్’. అలాంటి సంస్థ తన ఈ-వ్యర్థాలను రిజిస్టరైన ఉత్పత్తిదారు, రీఫర్బిషర్ లేదా రీసైక్లర్‌కు మాత్రమే ఇవ్వాలి. రీఫర్బిషర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఐటీ కారిడార్‌లోని పెద్ద కంపెనీలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

వినడానికి బాగానే ఉంది. కానీ ‘ఈ-వేస్ట్’ అంటే నిబంధనల్లో వ్యర్థంగా పారేసినది అని అర్థం. పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌ను వాడిన వస్తువుగా అమ్మేస్తే అది వ్యర్థం కాదని వాదించే వీలుంది. గొలుసు తెగేది ఇక్కడే. వేలం దాకా కాగితాలన్నీ ఉంటాయి. అక్కడి నుంచి రెండు చేతులు మారేసరికి సీరియల్ నంబరుతో సహా అన్నీ మాయమై, ‘కంపెనీ మాల్ సార్, సూపర్ కండిషన్’ అనే మాట ఒక్కటే మిగులుతుంది. నా దృష్టిలో విద్యార్థికి జరిగే నష్టమంతా ఈ చివరి రెండు చేతుల దగ్గరే. యంత్రం చెడ్డది కావడం వల్ల కాదు, దాని చరిత్ర చెరిగిపోవడం వల్ల.

‘ఐ7’ కాదు, ఆ పక్కనున్న అంకె చూడండి

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని చెప్పింది. ఆ తర్వాత విండోస్ 11 ఉండాల్సిందే. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా 8వ తరం, ఆపైన ఉన్నవాటికే విండోస్ 11ను అధికారికంగా వేసుకోవచ్చు. ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి లెక్క మొదలవుతుంది. దీనికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి.

ఈ ఒక్క నిర్ణయంతో పాత ల్యాప్‌టాప్‌ల మార్కెట్ రెండు ముక్కలైంది. 6వ, 7వ తరం యంత్రాలు కంపెనీలకు పనికిరాకుండా పోయాయి. అవి బజారులో చవగ్గా దొరుకుతాయి, వాటినే ‘ఐ7, 16 జీబీ, కేవలం ఇంతే’ అని చూపించి అమ్ముతారు. ఐ7 అన్నది మోడల్ హోదా మాత్రమే. తరం తెలిసేది ఆ తర్వాతి అంకెల్లో. ఐ5-8250యు అంటే 8వ తరం. ఐ7-6600యు అంటే 6వ తరం. ఐ5-1135జీ7 అని ఉంటే మొదటి రెండంకెలు చూడాలి, అది 11వ తరం. పాత 6వ తరం ఐ7 కన్నా 8వ తరం ఐ5 చాలా పనుల్లో మెరుగు. 8వ తరం నుంచి ఈ శ్రేణి ల్యాప్‌టాప్‌ల ఐ5లలోనూ నాలుగు కోర్‌లు ఉంటాయి, అంతకుముందు రెండే.

కొందరు వ్యాపారులు పాత యంత్రాల్లోనూ దొడ్డిదారిన విండోస్ 11 వేసి చూపిస్తారు. తెర మీద అంతా బాగానే కనిపిస్తుంది. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ యాప్‌ను షాపులోనే నడిపిస్తే నిజం తెలిసిపోతుంది.

ఇప్పటికే 7వ తరం ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. లినక్స్ వేసుకుంటే ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అది ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన స్వేచ్ఛ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లోనే. ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. క్యాంపస్ నియామకాల కోసం పెట్టే ప్రాక్టర్డ్ ఆన్‌లైన్ పరీక్షల్లో చాలావాటికి విండోస్, పనిచేసే వెబ్‌క్యామ్, మైక్ తప్పనిసరి. కొత్తగా కొనేవాళ్లు క్రోమ్‌బుక్, లినక్స్ యంత్రం మాత్రమే పెట్టుకుంటే చివరి ఏడాదిలో రూమ్‌మేట్‌ను అడుక్కోవాల్సి వస్తుంది.

ర్యామ్ ఇప్పుడే ఎందుకు చూసుకోవాలి?

‘ఇప్పుడు 8 జీబీతో కొను, తర్వాత పెంచుకోవచ్చు’ అన్నది ఎప్పట్నుంచో వినిపించే సలహా. అది నిన్నటిదాకా సరైనదే. 2025 చివరి నుంచి లెక్క మారింది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమొరీ చిప్‌లకు గిరాకీ విపరీతంగా పెరిగి, చిప్ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్లించాయి. సామాన్యులు కొనే ర్యామ్, ఎస్ఎస్‌డీల ధరలు ఎగబాకాయి. 2019 నుంచి హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం నడుపుతున్న మైక్రాన్ సంస్థ, 2025 డిసెంబర్ 3న తన ‘క్రూషియల్’ బ్రాండ్ రిటైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. విద్యార్థులు ర్యామ్ పెంచుకోవాలంటే మొదట గుర్తొచ్చే పేర్లలో అదొకటి.

కాబట్టి 16 జీబీ ఉన్న యంత్రానికీ, 8 జీబీ యంత్రానికీ మధ్య షాపువాడు అడిగే తేడాను, విడిగా ర్యామ్ కొంటే అయ్యే ఖర్చుతో ఆ రోజే పోల్చి చూసుకోండి. చాలాసార్లు ముందే 16 జీబీది తీసుకోవడం లాభం. కోడ్ ఎడిటర్, డేటాబేస్, బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, వీడియో క్లాసు అన్నీ కలిపి తెరిస్తే 8 జీబీ ఇట్టే నిండిపోతుంది.

8 జీబీదే కొనక తప్పకపోతే, పెంచుకునే వీలున్న మోడల్ ఎంచుకోవాలి. ఒకే కంపెనీలో, ఏడాది తేడాతో వచ్చిన మోడళ్లలోనే ఈ తేడా ఉంటుంది. థింక్‌ప్యాడ్ టీ480లో రెండు ర్యామ్ స్లాట్లున్నాయి. ఆ తర్వాత వచ్చిన టీ490లో కొంత ర్యామ్ బోర్డుకే అతికించి, ఒక్క స్లాటే ఇచ్చారు. ఎక్స్1 కార్బన్‌లో అసలు మార్చుకునే వీలే లేదు. హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5, డెల్ లాటిట్యూడ్ 5490లలో రెండేసి స్లాట్లు ఉంటాయి. సన్నగా, అందంగా ఉన్నది చూసి ముచ్చటపడే ముందు ఇది గుర్తుంచుకోండి.

డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ చదివేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు కోసం అప్పు చేయాల్సిన పని సాధారణంగా ఉండదు. నేర్చుకునే దశలో గూగుల్ కొల్యాబ్ ఉచితంగా ఇచ్చే జీపీయూ చాలు, బరువంతా అక్కడే పడుతుంది. సివిల్, మెకానికల్ వాళ్లు రెవిట్, సాలిడ్‌వర్క్స్ లాంటివి ఇంట్లోనే వాడాలంటే లెక్క వేరు. ఆ పని కాలేజీ ల్యాబ్‌లో కుదురుతుందేమో సీనియర్లను అడిగాకే కొనండి.

షాపులో అరగంట కూర్చోండి

హైటెక్ సిటీ, మాదాపూర్ వైపు హాస్టళ్లలో ఉండేవాళ్లకు పార్క్‌లేన్ వెళ్లడం కష్టమేం కాదు. రాయదుర్గం-నాగోల్ మెట్రో బ్లూ లైన్‌లో ఎక్కితే మారకుండా ప్యారడైజ్ స్టేషన్‌లో దిగొచ్చు. వెళ్లేటప్పుడు ఫోన్‌లో హాట్‌స్పాట్‌కు డేటా ఉండేలా చూసుకోండి. అది ఎందుకో ఇప్పుడు చెప్తాను.

కంపెనీ ల్యాప్‌టాప్‌తో వచ్చే అసలు చిక్కు గీతలు, అరుగుదల కాదు, తాళాలు. కంపెనీలు తమ యంత్రాలను మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ లాంటి వ్యవస్థల్లో తమ పేరిట నమోదు చేసుకుంటాయి. అమ్మేటప్పుడు ఆ నమోదును తొలగించకపోతే, మీరు ఏ ఆరు నెలలకో విండోస్‌ను రీసెట్ చేసి ఇంటర్నెట్‌కు కలపగానే ‘ఫలానా కంపెనీకి స్వాగతం, మీ ఆఫీసు ఈమెయిల్ ఇవ్వండి’ అని తెర మీద వస్తుంది. ముందుకు కదలదు. అందుకే షాపులోనే రీసెట్ చేయించి, మీ హాట్‌స్పాట్‌కు కలిపి, మొదటి నుంచి సెటప్ అయ్యేదాకా చూడండి. ‘టైమ్ పడుతుంది, రేపు రండి’ అంటే రేపే వెళ్లండి, డబ్బు కూడా రేపే ఇవ్వండి. రెండో తాళం బయోస్ పాస్‌వర్డ్. ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 లేదా ఎఫ్10 లాంటి మీట నొక్కి లోపలికి వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ యంత్రం వద్దు. మ్యాక్‌బుక్ అయితే పాత యజమాని ఆపిల్ ఖాతా తొలగించారో లేదో చూడాలి.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా ఛార్జ్ అయితే ఉండే సామర్థ్యం రెండూ ఉంటాయి. మొదటిది 50 వేలు, రెండోది 30 వేలు ఉంటే బ్యాటరీలో 60 శాతమే మిగిలిందన్నమాట. అది ధర తగ్గించమని అడగడానికి మీ చేతిలో ఉన్న ఆధారం. ఒక్క జాగ్రత్త: చవకగా దొరికే నకిలీ బ్యాటరీలు కొత్తగా వేసినప్పుడు ఈ నివేదికలో వంద శాతం చూపిస్తాయి. తయారైన తేదీ, బ్రాండు అడగండి. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూడ్డానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది.

కీబోర్డులో ప్రతి అక్షరం, అన్ని యూఎస్‌బీ పోర్టులు, వెబ్‌క్యామ్, మైక్, వైఫై చూసుకోవడం మామూలే. తెరను తెల్ల రంగుతో నింపి చూస్తే మచ్చలు బయటపడతాయి. విండోస్ కోసం విడిగా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. విండోస్‌తో వచ్చిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు సాధారణంగా బోర్డులోనే ఉంటుంది, ఇంటర్నెట్‌కు కలపగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. కాకపోతే ఎందుకు కాలేదో వ్యాపారే చెప్పాలి. క్రాక్ చేసిన ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేసిస్తానంటే వద్దనండి. లిబ్రేఆఫీస్ ఉచితం, చాలా కాలేజీల ఈమెయిల్‌తో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కూడా ఉచితంగానే వస్తుంది.

‘బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా’

ఈ మాట వినని విద్యార్థి ఉండడు. రూ. 20 వేల ల్యాప్‌టాప్‌కు బిల్లు అడిగితే ఇంకో రూ. 3,600 అవుతుందంటారు. పాపం ఆ 3,600 మిగిలితే ఒక నెల మెస్ బిల్లు గడుస్తుందని విద్యార్థి బిల్లు వదులుకుంటాడు.

ల్యాప్‌టాప్‌ల మీద జీఎస్టీ 18 శాతమే, అందులో అబద్ధం లేదు. కానీ పాత వస్తువులు కొని అమ్మే వ్యాపారికి జీఎస్టీ నిబంధన 32(5) ఒక వెసులుబాటు ఇచ్చింది. కొన్నప్పుడు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మీదే పన్ను కట్టొచ్చు. రూ. 16 వేలకు కొని 20 వేలకు అమ్మితే పన్ను పడేది 4 వేల మీద, అంటే రూ. 720. ఒకవేళ వ్యాపారి కంపెనీ నుంచి జీఎస్టీ బిల్లుతో కొని క్రెడిట్ తీసుకుని ఉంటే పూర్తి ధర మీద పన్ను వేయాలి. అప్పుడు కూడా తాను కొన్నప్పుడు కట్టిన పన్నును అందులోంచి తగ్గించుకుంటాడు. ఎటు చూసినా అతని మీద పడే అదనపు భారం రూ. 3,600 కాదు. ఈ లెక్క తెలిసిన మనిషిలా మర్యాదగా అడిగితే, చాలా బేరాలు మధ్యలో ఎక్కడో తెగుతాయి.

బిల్లు ఎందుకంత ముఖ్యం? ఒకటి, దొంగ మాలు భయం. పోయిన ఫోన్‌ను ఐఎంఈఐ నంబరుతో సీఈఐఆర్ పోర్టల్‌లో వెతకొచ్చు. ల్యాప్‌టాప్‌కు అలాంటి జాతీయ వ్యవస్థ లేదు. హాస్టల్ గదుల్లోంచి, కార్ల అద్దాలు పగలగొట్టి ఎత్తుకెళ్లిన ల్యాప్‌టాప్‌లు ఏదో ఒక కౌంటర్‌కు చేరాల్సిందే కదా. దొంగిలించిన వస్తువని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. మీకు తెలియదని నిరూపించేది సీరియల్ నంబరు రాసిన బిల్లే. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు, బయోస్‌లో కనిపించే నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటేనా చూడండి.

రెండోది వినియోగదారుల హక్కు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. వాడిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడమూ అంతే. చాలామందికి తెలియని మరో అంశం ఉంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని కూడా ఈ చట్టం అనుచిత పద్ధతిగానే చూస్తుంది. ‘ఒకసారి అమ్మితే వాపసు లేదు’ అని గోడ మీద బోర్డు పెట్టినంత మాత్రాన లోపమున్న వస్తువు విషయంలో అది చెల్లిపోదు. అయితే మూడేళ్ల పాత బ్యాటరీ తక్కువసేపు రావడం లోపమా, అరుగుదలా అన్న వాదన వస్తుంది. అందుకే బిల్లు మీద మోడల్, ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ శాతం, ఎన్ని నెలల వారంటీ అన్నవి చేత్తోనైనా రాయించుకోవాలి. ‘టెస్టింగ్ వారంటీ’ అంటే ఎన్ని రోజులో కూడా అందులోనే ఉండాలి.

గొడవ వస్తే మొదట 1915కి ఫోన్ చేయండి. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. రూ. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. పైగా ఫిర్యాదు షాపు ఉన్న చోటే వేయాలనేం లేదు, మీరు నివసించే జిల్లాలోనూ వేయొచ్చు. ఖమ్మం నుంచి వచ్చి కొనుక్కెళ్లిన విద్యార్థి ఖమ్మంలోనే అడగొచ్చన్నమాట.

డబ్బు ఎక్కడి నుంచి?

నో కాస్ట్ ఈఎంఐ గురించి రెండు ముక్కలు. సున్నా వడ్డీ పేరుతో అసలు ఖర్చును దాచే పథకాలను రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబర్‌లోనే తప్పుపట్టింది. ఇప్పుడు నడుస్తున్నవాటిలో వడ్డీ ఉంటుంది, దాన్ని డిస్కౌంట్‌గా సర్దుతారు. క్రెడిట్ కార్డు ఈఎంఐలో ఆ వడ్డీ మీద జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు మీరే కడతారు. రుణం తీసుకుంటే, అసలు మొత్తం ఎంత కట్టాలో చెప్పే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వడం 2024 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి. అది చూడకుండా సంతకం పెట్టొద్దు.

దానికన్నా ముందు స్కాలర్‌షిప్‌లు చూడండి. ‘ల్యాప్‌టాప్ పథకం’ అన్న పేరు లేకపోయినా కంప్యూటర్ కొనడానికి అనుమతి ఉన్న పథకాలు ఉన్నాయి. ఏఐసీటీఈ ‘ప్రగతి’ కింద, ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీల్లో డిగ్రీ, డిప్లొమా స్థాయి సాంకేతిక కోర్సుల్లో చేరి ఎంపికైన అమ్మాయిలకు ఏడాదికి రూ. 50 వేలు ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ. 8 లక్షలకు మించకూడదు, ఒక కుటుంబంలో ఇద్దరికి మించి ఇవ్వరు. ఆ డబ్బుతో ఫీజు కట్టొచ్చు, కంప్యూటర్ కొనొచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ‘సాక్షమ్’, తల్లిదండ్రులను కోల్పోయినవారికి ‘స్వనాథ్’ కింద అంతే మొత్తం వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తీసుకుంటుంటే రెండూ కలిపి తీసుకోవచ్చో లేదో కాలేజీ నోడల్ అధికారిని ముందే అడగండి.

ఐఐటీ హైదరాబాద్, ఎన్ఐటీ వరంగల్ లాంటి జాబితాలోని సంస్థల్లో చదివే ఎస్సీ విద్యార్థులకు కేంద్ర టాప్ క్లాస్ పథకంలో మొదటి ఏడాది రూ. 86 వేలు, తర్వాత ఏటా రూ. 41 వేలు అకడమిక్ అలవెన్స్ ఉంది. మొదటి ఏడాది ఎక్కువ ఇవ్వడంలో కంప్యూటర్ ఖర్చూ కలిసి ఉంది. ఓబీసీ, ఈబీసీ, సంచార జాతుల విద్యార్థులకు పీఎం-యశస్వి టాప్ క్లాస్ కాలేజీ పథకంలో కంప్యూటర్ కోసం ఒకసారి రూ. 45 వేల దాకా సాయం ఉంది, కుటుంబ ఆదాయ పరిమితి రూ. 2.5 లక్షలు.

విద్యా రుణం ఇప్పటికే తీసుకుంటున్నవాళ్లు ఇంకో విషయం అడగొచ్చు. బ్యాంకులు పాటించే ఐబీఏ నమూనా విద్యా రుణ పథకంలో, కోర్సు పూర్తి చేయడానికి అవసరమైతే సహేతుకమైన ధరకు కంప్యూటర్ కొనడం కూడా రుణంలో చేర్చదగిన ఖర్చే. మంజూరయ్యాక కాదు, దరఖాస్తులోనే కొటేషన్ జతచేయాలి. బిల్లు ఇవ్వని షాపు కొటేషన్ కూడా ఇవ్వదు, ఆ లెక్కన షాపు ఎంపిక ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పైన చెప్పిన స్కాలర్‌షిప్‌లన్నింటికీ దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. ముందుగా ఆధార్‌తో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో దరఖాస్తు చేశాక తహసీల్దారు కార్యాలయం నుంచి రావడానికి సమయం పడుతుంది. పోర్టల్ తెరుచుకున్నాక దాని కోసం తిరగడం మొదలుపెట్టి గడువు దాటించుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు కాబట్టి, అడ్మిషన్ లెటర్ చేతికొచ్చిన వారమే మీసేవకు వెళ్లండి.